మొక్కుల మీదుగా సముద్రానికి

మా ఇంటివాళ్లతో కలిసి ఎవరైనా దూరప్రయాణం పెట్టుకుంటామంటే ముందు నా దగ్గరికి పంపండి. కాళ్లు పట్టుకునైనా ఆపుతాను. వీళ్లతో పక్కూరికి పోవడమే ఒక శిక్ష. అలాంటిది, మూడు నాలుగు వారాలు సముద్రం పక్కనే కారులో తిరగాలన్న ఆలోచనను తీసుకెళ్లి వీళ్ల నడుమ పెట్టామే, దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆలోచన నాది కాదు, మా చెల్లెలిది. దాన్ని తాండూరు ఇచ్చారు. మా మరిదికి నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్లున్నాయి. ఇల్లూ మిషన్లూ ఒకే ఆవరణలో. ఆ ఇంట్లో దేన్ని ముట్టుకున్నా వేళ్లకు బూడిదరంగు దుమ్ము అంటుతుంది, మంచినీళ్ల బిందె మూత మీద కూడా. నేను వికారాబాద్‌లో ఉంటాను. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కుల్కచర్ల, దోమ, యాలాల్ మండలాల్లో నేను తొక్కని కందిచేను లేదు. పెళ్లి మాట ఎత్తిన వాళ్లందరినీ కసిరి పంపాను కాబట్టి ఒంటరిగా మిగిలాను, దానికి నాకే విచారమూ లేదు. ఒక చిన్న కారుంది, నేనే నడుపుకుంటాను.

చెల్లెలికి చిన్నప్పటి నుంచీ చీకటి పడితే కళ్లు కనపడేవి కావు. రేచీకటి అన్నారు. పొన్నగంటి కూర తినిపించారు, మేక కార్జం కాల్చి తినిపించారు. అది తిండితో పోయే రేచీకటి కాదని తెలిసేసరికి దానికి నలభై దాటాయి. అప్పటికే పక్కచూపు పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం పైపులోంచి చూసినట్టు కొంచెం కనపడుతుంది. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన నాన్చలేదు. "దీనికి మందు లేదమ్మా. ఇప్పుడున్న చూపు కూడా సన్నబడుతుంది. ఎప్పటికని చెప్పలేను. చూడాలనుకున్నవేమైనా ఉంటే వాయిదా వేసుకోకండి" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు టీ కోసం కారు ఆపాను. చెల్లెలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అన్నది:

"అక్కా, నేను సముద్రం చూడలే."

"పోదాం తియ్. గదేమంత పెద్ద పని?"

"పొయ్యి చూసొచ్చుడు గాదు. సముద్రం పొంటి రోడ్డుంటదట గదా. పొద్దంత పొయ్యినా పక్కకే వస్తదట. గట్ల పోవాలె. కండ్ల నిండ చూస్కుంట పోవాలె."

దాని జీవితంలో అది గట్టిగా అడిగింది అదొక్కటే. పెళ్లిలో చీర రంగు కూడా అడగలేదు. నేను టీ బాగాలేదని ఆ హోటలువాడిని తిట్టాను.

ఆ వారమంతా అది వికారాబాద్‌లో నా దగ్గరే ఉంది. ఫోన్‌లో సముద్రం రోడ్ల వీడియోలు చూసేది. ఫోన్ తెర దాని చూపులో సరిగ్గా పడుతుంది కాబట్టి అందులో అంతా కనపడుతుంది. అది నాకంటే తెలివైనదని నాకు అప్పుడే తెలిసింది. నేను మామూలుగా దారి గీశాను: గుల్బర్గా, హుబ్లీ మీదుగా కార్వార్‌లో దిగడం, అక్కడి నుంచి తీరం పట్టుకుని ఉడుపి, మంగళూరు, కేరళ, కన్యాకుమారి. అది విని తల అడ్డంగా ఊపింది.

"గట్ల పోతే సముద్రం నీ దిక్కు వస్తది. నువ్వు బండి నడుపుతవ్, కుడిదిక్కు కూసుంటవ్. నేను ఎడమదిక్కు. నాకు నీ చెవులు, రోడ్డు మీది లారీలు కనవడుతయి గని సముద్రమేడ కనవడుతది? తిరిగేసి పోదాం. ముందుగాల సక్కగ కన్యాకుమారి పోదాం. ఆడికెళ్లి మీదికి వచ్చుకుంట ఉంటే సముద్రం నా కిటికి పక్కకే ఉంటది."

ఎన్నేళ్లుగా బండి నడుపుతున్నాను, నాకు తట్టలేదు. సరేనని తిరగేశాం. పెద్దరోడ్డు పట్టుకుని బెంగళూరు మీదుగా కన్యాకుమారి, అక్కడి నుంచి కేరళ తీరం వెంట పైకి, మంగళూరు, ఉడుపి, ఒకపక్క నది ఒకపక్క సముద్రం ఉండే మరవంతె, గోకర్ణం, కార్వార్, ఆ తరవాత ఇంటికి. ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాం. తెల్లవారగానే బయల్దేరాలి, సాయంత్రం కాకముందే బస చూసుకోవాలి. పొద్దు వాలితే దానికి ఏమీ కనపడదు కాబట్టి సముద్రం దగ్గరికి పోవడం ఎప్పుడైనా పగలే. ఇద్దరం, ఒక కారు. అంత చక్కటి ప్లాను నేను ఉద్యోగంలో కూడా వేయలేదు.

దాన్ని నాశనం చేసింది మర్యాద. మా వైపు ఎవరైనా ప్రయాణమవుతుంటే ఎదుటివాళ్లను "మీరు గూడ రారాదు" అనాలి. అనకపోతే తప్పు. అవతలివాళ్లు "అయ్యో, మేమేడికెళ్లి వస్తం, మీరు పొయ్యి రాండ్రి" అనాలి. అక్కడితో అయిపోతుంది. ఇది పుట్టినప్పటి నుంచి అందరికీ తెలిసిన సంగతి. చెల్లెల్ని దింపడానికి తాండూరు వెళ్లిన రోజు వాళ్లింట్లో దాని ఆడబిడ్డ ఉంది. మా మరిదికి అక్క, సేడంలో ఇచ్చారు, కోపమొస్తే కన్నడంలోకి దిగుతుంది. చెల్లెలు సముద్రం సంగతి చెప్పి, అనాలి కాబట్టి, "మీరు గూడ రారాదు వదినె" అన్నది.

ఆవిడ కాళ్లు బార్లా చాపుకుని పల్లీలు తింటోంది. పొట్టు ఊది, "వస్త తియ్. నాకు గూడ జర గాలి మారినట్లయితది" అన్నది.

నేను చెల్లెలి ముఖం చూశాను. అది నవ్వడానికి ప్రయత్నం చేస్తోంది. ఛీ, మనిషి అన్నాక అవతలివాళ్ల ముఖమన్నా చూడొద్దా? లోపలి నుంచి మా మరిది వచ్చాడు. "అక్క వస్తే మరి నేనెందుకు రావద్దు? ఆడోళ్లు ఒక్కళ్లే గంత దూరం ఎట్ల పోతరు?" అన్నాడు. మరుసటి ఆదివారానికి కుల్కచర్ల నుంచి మా అన్న కూడా తయారయ్యాడు. నా చిన్న కారు పోయి, పన్నెండు సీట్ల బండి వచ్చింది.

అయినా ఓర్చుకున్నాను. మనుషులు ఎక్కువైతే ఎక్కువయ్యారు, సముద్రం చిన్నదైపోదు కదా అనుకున్నాను. అసలు సంగతి మొక్కులతో మొదలైంది.

ఆ ఆదివారమే ఆడబిడ్డ సంచీలోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పింది. లోపల వెండిరేకు కళ్లు, ఒక జత. కళ్లు బాగుపడాలని అమ్మవారికి ఇచ్చే మొక్కు కళ్లు.

"తుల్జాపూర్ అమ్మకు మొక్కిన. నువ్వు హైదరాబాద్ దవఖానకు పొయ్యిన దినమే మొక్కిన. నువ్వే నీ చేతుల్తోని ఇయ్యాలె" అన్నది చెల్లెలితో.

చెల్లెలు బిత్తరపోయింది. "నాకు చెప్పలే గద వదినె."

"చెప్తే మొక్కెట్లయితది?"

నేను ఊరుకోలేక అడిగాను. "మంచిగైతే ఇస్తనని గద వదినా మొక్కేది. మంచిగ కాలే గద. మరి ఇప్పుడే ఇచ్చుడేంది?"

"ముందుగాల ఇస్తనే మంచిగైతయి వదినా. ఇచ్చేదిచ్చి అడుగుతె ఆ తల్లి గూడ ఇంటది" అన్నది, నేనేదో చిన్నపిల్లనైనట్టు.

తుల్జాపూర్ ఎక్కడ, కన్యాకుమారి ఎక్కడ? ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. ఆ మాట అనేలోపే మా మరిది గొంతు సవరించుకున్నాడు. ఆయన గానుగాపూర్ దత్తస్వామికి మొక్కాడట. అదీ వెండి కళ్లే. ఆ రోజే మంత్రాలయానికి కూడా ఒక మాట అనుకున్నాడట. తరవాత మా అన్న వచ్చి, గుల్బర్గా దర్గా దగ్గర కందూరు చేస్తానని మొక్కుకున్నానన్నాడు. కందూరంటే మేకపోతును కోసి అక్కడే వండి పదిమందికి పెట్టడం. "పోతు ఇంట్లనే పెరుగుతున్నది చెల్లే. జల్ది చెయ్యకుంటే ముదురుతది" అన్నాడు. మా ఇంట్లో చెల్లెలి చూపు సన్నబడటం గురించి ఎవరికీ తొందర లేదు, మేకపోతు ముదరడం గురించి ఉంది!

మొక్కింది వాళ్లు, చెల్లించాల్సింది ఇది. దాని కళ్లను దానికి చెప్పకుండా ఎన్ని గుళ్లకు రాసిచ్చారో లెక్కే లేదు. వారం గడిచేసరికి వెండి కళ్ల జతలు చాలా పోగయ్యాయి. చుట్టాలు కూడా తెచ్చి ఇచ్చిపోయారు. అన్నిటినీ ఒక స్టీలు డబ్బాలో వేశారు. మూత తీస్తే రెప్పలేని రేకు కళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి మనల్ని చూస్తూ ఉండేవి. వీధిలో ఎదురింటి క్రైస్తవుల ఇల్లాలు ఒక్కర్తే మనిషిలా ప్రవర్తించింది. మెదక్ చర్చిలో చెల్లెలి పేరు మీద తనే కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. వెంట రమ్మనలేదు, వచ్చాక కూడా మాకు చెప్పలేదు. తరవాతెప్పుడో మాటల్లో తెలిసింది.

ఆ తరవాత ప్రతి ఆదివారం తాండూరులో సభ. నేను వికారాబాద్ నుంచి పోయేదాన్ని. ఆ సభలు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు. మా మరిది నోట్లో వక్కపొడి, దాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మారుస్తూ మాట్లాడతాడు. మిషన్ దగ్గర నుంచి అలాగే వచ్చి, రాతి బురద ఆరిన వేలును నా ఫోన్ మీది మ్యాపులో పెట్టి తోస్తాడు. కేరళ అంతా బూడిదరంగు అయ్యేది. నేను చీర కొంగుతో తుడిచేదాన్ని, ఆయన మళ్లీ వేలు పెట్టేవాడు. ఆడబిడ్డ తిండి సంగతి చూసేది. గ్యాసు పొయ్యి, కుక్కరు, సంచెడు బియ్యం, ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లికారం. "ఆడ కొబ్బరినూనెల వండుతరట. ఆ వాసన పడదు నాకు" అన్నది. పల్లీల పొట్టు నేల మీద ఊదుకుంటూనే ఇతరుల వంట వాసన గురించి మాట్లాడటానికి ఎంత ధైర్యం ఉండాలి!

సీట్ల దగ్గర ఇంకో గొడవ. ఎడమపక్క ముందు కిటికీ చెల్లెలిదని నేను మొదటే చెప్పాను. ఆడబిడ్డ ఒప్పుకోలేదు.

"నాకు బండి ఎక్కితె కక్కులైతయి. కిటికి పక్కకు కూసోకుంటె ఆగదు. ముందర కూసుంటె జర తక్కువైతయి" అన్నది. కవర్లు తెచ్చుకున్నానని, నిమ్మకాయలు తెచ్చుకుంటానని, ఏ తిండికి ఏ రంగులో కక్కుతుందో కూడా చెప్పింది. మేం భోజనాల ముందు కూర్చుని ఉన్నాం. నేను పప్పు కలిపిన చెయ్యి అలాగే పెట్టుకుని విన్నాను.

"మరి దీనికి కనవడుడెట్ల?" అన్నాను.

"ఎనకాల కిటికి లేదా? ఆడికెళ్లి చూస్తది" అన్నాడు మరిది.

చెల్లెలు "ఫరవాలేదక్కా" అన్నది. ఆ "ఫరవాలేదు" విన్నప్పుడల్లా నాకు దాని మీద కూడా అసహ్యం వేసేది. ఫరవా లేకపోవడమేమిటి? కళ్లు పోతున్నది నీకు కదా! గొంతు చించుకుని నేను అరుస్తుంటే ఇదేమో అందరికీ టీలు అందిస్తుంది. ఆ సన్నటి చూపుతో కప్పులు వెతుక్కుంటూ, ఒకటి పడదోసి, తనే తుడుచుకుంటూ.

దారి కూడా మారింది. బండి ముందు ఉత్తరానికి, తుల్జాపూర్ పోతుంది. అక్కడి నుంచి గానుగాపూర్, గుల్బర్గాలో కందూరు, మంత్రాలయం. తరవాత కొండల్లో గుళ్లు. దగ్గరదాకా పోయి ఈ దేవుణ్ణి చూడకపోతే ఎట్లా, ఆ దేవుణ్ణి చూడకపోతే ఎట్లా అంటూ ఒక్కొక్కటే కలిపారు. సముద్రం రోడ్డు నుంచి దారి లోపలికి లోపలికి జరిగిపోయింది. ఎడమపక్క సముద్రం అన్న మాట ఎవరికీ గుర్తే లేదు. నేను గుర్తు చేస్తే మా అన్న "సముద్రం యాడికి పోతది బిడ్డా" అన్నాడు. నిజమే, అది ఎక్కడికీ పోదు. పోయేది వేరే ఉంది. ఆ మాట చెల్లెలి ముందు అనలేక పళ్లు నూరుకున్నాను.

చివరి సభ నాడు ప్లాను పూర్తయింది. మా మరిది మిషన్లు ఆపించి మరీ కూర్చున్నాడు. వక్కపొడి మింగి, గర్వంగా మొదలుపెట్టాడు.

"నేను అంత ఇసాబు చేసిన వదినా. నువ్వేం ఫికర్ జెయ్యకు. పొద్దుగాల ఖాళీ ఉంటది గనుక పొద్దుగాల దర్శనాలు. పగటీలి అన్నం తిని జర పండుడు. సాయంత్రం బీచ్. దినాం సాయంత్రం బీచే! పొద్దు గుంకేది చూడొచ్చు. మస్తుంటదట, లోకమంత అదే చూస్తందుకు వస్తదట."

ఆయన ముఖంలో ఎంత సంతోషమో. పెళ్లాం కోసం రోజూ సముద్రాన్ని పెట్టాడు మరి.

చెల్లెలి వైపు చూశాను. అది ఒళ్లో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది.

"సాయంత్రం దీనికేం కనవడుతదయ్యా?" అన్నాను.

ఇన్నేళ్లు దానితో కాపురం చేశాడు. పొద్దు గూకితే ఈ మనిషి గోడలు తడుముకుంటూ నడవడం రోజూ చూశాడు. వాకిట్లోంచి లోపలికి చెయ్యి పట్టుకుని తెచ్చాడు కూడా. అయినా ఆ సంగతి ప్లానులో కనపడలేదు. ఆయన జేబులో వక్కపొడి పొట్లం వెతుక్కున్నాడు. అప్పుడు ఆడబిడ్డ, పాపం, తమ్ముణ్ణి ఆదుకుందామనుకుంది.

"కనవడకుంటేంది? చప్పుడు ఇనవడుతది గదా. గాలి తగుల్తది" అన్నది.

థూ! నేను లేచి నిలబడ్డాను. నా జన్మలో అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. పురుగుమందు డబ్బాలో తాగునీళ్లు తెచ్చుకున్నవాళ్లను చూశాను, కుళ్లిన విత్తనాలు కడిగి మంచివని అమ్మినవాళ్లను చూశాను. ఏదీ దీని ముందు నిలవదు. నోటికొచ్చినట్టు తిట్టాను. మనుషులేనా అన్నాను. సిగ్గులేదా అన్నాను. ఆ డబ్బాలో కళ్లు తీసుకుని మీరే పెట్టుకోండి, మీకే లేవు కళ్లు అన్నాను. ఆడబిడ్డ ఏడుస్తూ కన్నడంలో ఏదేదో అన్నది. మా అన్న "ఊకో బిడ్డా, దేవుని సంగతి, గట్లనొద్దు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మరిది "మేం దానికి మంచి గావాల్నని మొక్కినం వదినా, చెడు గావాల్ననా?" అని అరిచాడు. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు.

ఆ గోలలో చెల్లెలు ఏదో అన్నది. ముందు ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నది.

"నా కండ్లు పొయ్యేటియే."

ఆ ఇంట్లో ఆ మాట అంతవరకు ఎవరూ పైకి అనలేదు. "మంచిగైతయి", "మందు దొరుకుతది", "దేవుడున్నడు" అనేవాళ్లే. నేను కూడా అనలేదు. ఇన్ని మొక్కులు ఎందుకు పుట్టుకొచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క మాట వినకుండా ఉండటానికి ఒక్కొక్కరు ఒక్కో గుడి పట్టుకున్నారు. అర్థమైందని నా అసహ్యం తగ్గలేదు.

చెల్లెలు తల ఎత్తి ఒక్కొక్కరి ముఖం వెతికి పట్టుకుని మాట్లాడింది. దాని గొంతులో కోపం లేదు.

"డాక్టర్ చెప్పిండు. అక్కకు తెల్సు, నాకు తెల్సు. మీ మొక్కులన్ని నేను తీరుస్త, ఒక్కటి గూడ బాకి వెట్టుకోను. నా కండ్లు పొయినంక తీస్కపోండ్రి. తుల్జాపూర్ వస్త, గానుగాపూర్ వస్త, దర్గాకు వస్త. చెయ్యి పట్టుకోని యాడికి తీస్కపోతే ఆడికి వస్త. అప్పుడు నాకేం పనుంటది? దేవుని ముంగట దండం వెడ్తందుకు కండ్లు అక్కర లేదు. సముద్రానికి గావాలె. అందుకే గిది ముందుగాల."

మా మరిది తల మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి లోపలికి పోయాడు. ఆడబిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఒప్పుకున్నామని అనలేదు. ఒద్దని కూడా అనలేదు.

నాలుగు రోజుల తరవాత తెల్లవారుతుండగా ఇద్దరం నా కారులో బయల్దేరాం. ఆడబిడ్డ అంతకుముందే సేడం వెళ్లిపోయింది, ఇప్పటికీ నాతో మాట్లాడదు. మంచిది. మా మరిది వాకిట్లోకి వచ్చి ఎడమ కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. భుజం మీది తువ్వాలతో లోపలా బయటా చాలాసేపు తుడిచాడు. ఆ తువ్వాల నిండా రాతి దుమ్ము. అద్దం మొదటికంటే మురికైంది. చెల్లెలు "చాలు తియ్యి, మంచిగైంది" అన్నది. ఊరు దాటాక ఆపి నేను నీళ్లతో కడిగాను.

బెంగళూరు మీదుగా దక్షిణానికి పోవడంలో చెప్పుకోవలసినది ఏమీ లేదు. లారీలు, టోల్‌గేట్లు, చప్పటి ఇడ్లీలు. అది మాత్రం అన్నిటినీ శ్రద్ధగా చూసింది. కన్యాకుమారికి ఇవతల ఒక ఊళ్లో బస చేశాం, సాయంత్రం కావొస్తోంది కాబట్టి సముద్రం వైపు పోలేదు. మర్నాడు పొద్దున తీరం రోడ్డు పట్టుకున్నాం. జాలర్ల పల్లె ఒకటి వచ్చింది. ఇళ్ల మధ్య సందులోంచి నీలంగా కనపడితే కారు ఆపాను.

ఏం చెప్పమంటారు! ఇంత యుద్ధం చేసి వస్తే, ఆ తీరం చూసి నాకు ఏడుపొచ్చింది. ఎండిన చేపల కంపు ముక్కులు బద్దలయ్యేలా ఉంది. తెగిన వలలు, ప్లాస్టిక్ సీసాలు, పిల్లల డైపర్లు, చచ్చిన చేప తలలు, వాటి మీద ఈగలు. కాలు పెట్టే చోటు లేదు. ఎవడో మగవాడు నీళ్ల వైపు తిరిగి కూర్చుని తన పని తాను కానిచ్చుకుంటున్నాడు. దేశం చివరిదాకా వచ్చి చూసేది ఇదా? ఎక్కడికి పోయినా ఇదే జాతి, ఇదే రోత. చెల్లెలి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. "పోదాం పా, ఇంకో జాగల చూద్దాం" అన్నాను.

అది కదల్లేదు. దానికి కింద ఉన్నదేదీ కనపడలేదు. ఎదురుగా చూస్తోంది. మెల్లగా తలను ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా తిప్పింది. మళ్లీ కుడి నుంచి ఎడమకు. ఆ సన్నటి చూపులో ఎంత సముద్రం పడుతుందోనని నాకు భయం వేసింది.

"ఎంత కనవడుతున్నదే?" అన్నాను.

బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాజంత గుండ్రం చేసి చూపించింది. "గింత."

నేను దాని కాలి పక్కన ఉన్న చేప తలను చెప్పుతో అవతలికి తోశాను.

"ఇంట్ల ఎటు తిప్పినా ఏదో ఒకటి తప్పిపోతది అక్కా" అన్నది. "గ్లాసు దొరికితె బిందె తప్పిపోతది. బిందె దొరికితె మనిషి తప్పిపోతడు. పొద్దంత ఎతుక్కునుడే. గీడ ఏం తప్పిపోతలేదు. ఎటు తిప్పినా గదే ఉన్నది. నాకు కనవడని కాడ గూడ గదే ఉన్నది గదా?"

"ఉన్నది" అన్నాను.

"అంత గదేనా?"

"అంత గదే."

అది తల ఊపి, మళ్లీ ఎడమ చివరి నుంచి చూడటం మొదలుపెట్టింది.